పాలలో నూక

నూకల ఉప్మా నాకు ఇష్టమే. అల్లం, పచ్చిమిరపకాయలు దట్టించి వారానికోసారైనా చేస్తాను. కాబట్టి నూక మీద నాకు కోపమని ఎవరూ అనుకోవద్దు. నా కోపమంతా ఆ మాటని బియ్యం బస్తాలోంచి బయటికి లాగి, దానికి సంబంధం లేని చోట తెచ్చిపెట్టిన ఒక పెద్దమనిషి మీద. ఆయన్ని తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి. చల్లార్చుకోవాలని నాకేం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. కాకినాడలో కెమిస్ట్రీతో బీయస్సీ పూర్తి చేసి, ఇంటికొచ్చి కూర్చున్నాను. మాది కడియం పక్కన పల్లె. చుట్టుపక్కల ఏ ఉద్యోగం చూసినా మొక్కల నర్సరీలోనే. మొక్కలకి నీళ్ళు పెట్టడానికి బీయస్సీ ఎందుకని నేను, ఊరికే ఇంట్లో కూర్చోవడానికి మాత్రం ఎందుకని మా అమ్మ, రోజూ పోట్లాడుకునేవాళ్ళం. అప్పుడే రాజమండ్రి వెళ్ళే రోడ్డు మీద, మూతపడిన ఒక రైసుమిల్లులో ఏదో కెమికల్ ఫ్యాక్టరీ పెడుతున్నారని, టెస్టులు చేసే మనిషి కావాలని తెలిసింది. నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళి దింపారు. ఆ మర్నాడే పనిలో చేరాను.

ఫ్యాక్టరీ అంటే పేరుకే. ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్ళం అలాగే ఉంది. పొగగొట్టం అలాగే ఉంది. గోడ పగుళ్ళలో ఊక ఉండేది, గాలి వీస్తే రాలి నా గాజుగొట్టాల్లో పడేది. ఓనరు గారిది మండపేట వైపు మిల్లర్ల కుటుంబం. తాత బియ్యం ఆడించాడు, తండ్రి బియ్యం ఆడించాడు, ఈయనా చాలాకాలం బియ్యమే ఆడించాడు. మిల్లు గిట్టుబాటు కాని రోజుల్లో, విశాఖపట్నంలో రంగుల కంపెనీలో పనిచేసే బావమరిది ఈ కొత్త సరుకు సంగతి చెవిన వేశాడు. ఏదైనా ఆడించడమే కదా, బియ్యమైతేనేం, మందైతేనేం అని ఈయన దిగిపోయారు. మనిషి చెడ్డవాడు కాదు. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవారు. నన్ను "ఏమ్మా" అని సొంత కూతుర్ని పిలిచినట్టే పిలిచేవారు. చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదేమో, దులిపేసుకుని వచ్చేసేదాన్ని.

మేం తయారుచేసేదేంటో చెప్పాలి. ఇనప రేకుకి నేరుగా రంగు వేస్తే ఎక్కువకాలం నిలవదు. ముందు జిడ్డూ తుప్పూ కడిగేసి, ఫాస్ఫేటు తొట్టిలో ముంచితే రేకు మీద బూడిదరంగు పూత ఒకటి పుడుతుంది. కంటికి పూతలాగే కనిపిస్తుంది గానీ నిజానికి అవి పక్కపక్కనే ఒత్తుగా మొలిచిన సన్నటి స్ఫటికాలు. రంగు వాటిని పట్టుకుని నిలబడుతుంది. ఆ స్ఫటికాలు మొలవడానికి విత్తనాలు కావాలి. ఆ విత్తనాలే మా సరుకు. జింకు ఫాస్ఫేటుని నీళ్ళతో కలిపి నూరి నూరి, కంటికి ఆనని నలుసులుగా చేసేవాళ్ళం. అది తెల్లగా పాలలాగే ఉండేది. షెడ్డులో అందరూ దాన్ని పాలనే అనేవారు. పాలు దిగాయా, పాలు నింపారా, పాలు పొంగిపోయాయి చూడండి అని. ఫాస్ఫేటు తొట్టికి ముందు తొట్టిలో ఈ పాలు కాసిని కలిపి, రేకుని అందులో ఒక్కసారి ముంచి తీస్తే చాలు, నలుసులు రేకంతా అంటుకుంటాయి. తర్వాతి తొట్టిలో వాటి మీదే స్ఫటికాలు మొలుస్తాయి.

నలుసులు సన్నగా ఉండటం ఒక్కటే చాలదు. అన్నీ ఒకే సైజులో ఉండాలి. ఈ ఒక్క ముక్క ఆ షెడ్డులో నేను ఎన్నిసార్లు చెప్పానో, గోడలకి చెవులుంటే అవి కూడా ఒప్పజెప్పేవి. నారుమడిలో విత్తనం సమంగా పడితే నారు సమంగా లేస్తుంది. ఒకచోట గుప్పెడు పడి పక్కన బోడిగా మిగిలితే అక్కడ కలుపు లేస్తుంది. రేకు మీదా అంతే. పెద్ద నలుసు పడిన చోట స్ఫటికం మొద్దులా పెరుగుతుంది, దాని పక్కన ఖాళీ మిగులుతుంది. పైన ఎంత మంచి రంగు వేసినా ఆ ఖాళీలోకి చెమ్మ దిగుతుంది. అక్కడ నుంచి తుప్పు మొదలవుతుంది.

అందుకని మా పనిలో నూరడం సగమే. పింగాణీ గుండ్లు వేసిన పెద్ద డ్రమ్ము రోజంతా గడగడమని తిరిగేది. అందులోంచి వచ్చిన పాలని వెడల్పాటి తొట్లలో పోసి ఒక పూట కదపకుండా వదిలేయాలి. మొద్దు నలుసులు బరువుకి అడుక్కి దిగిపోతాయి, సన్నవి పైన తేలుతూ ఉంటాయి. ఆ పైపాలని జాగ్రత్తగా గొట్టంతో తీసుకుని డబ్బాల్లోకి నింపాలి. అడుగున పేరుకున్న మడ్డిని మళ్ళీ డ్రమ్ములో వేసి నూరాలి. పైపాలు పరీక్షించి ఇక నింపుకోవచ్చని చెప్పడం నా పని. నిలువు గాజుగొట్టంలో కాసిని పోసి ఎంత నెమ్మదిగా దిగుతాయో చూసేదాన్ని. కాలేజీవాళ్ళు తీసిపారేసిన మైక్రోస్కోపు ఒకటి ఓనరు గారు ఎక్కడో సంపాదించారు. దాని కింద చుక్క వేసి చూస్తే, మంచి పాలయితే చుక్కంతా ఒకే తీరుగా ఉండేది. ఆ చుక్కని చూస్తే నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. నేను పరీక్షించిన పాలతో చిన్న రేకుముక్క ఒకటి తయారుచేసి ఇంటికి తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ఏముంది ఇందులో, బూడిదలాగుంది అంది.

చేరిన మొదటి వారంలోనే ఓనరు గారు నా బల్ల దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఏమ్మా, ఇందులో ఎంత నూక కలుస్తుంది?"

నాకు అర్థం కాలేదు. నూకేంటండీ అన్నాను. ఆయన నవ్వి విడమరిచి చెప్పారు. ప్రభుత్వం మిల్లర్ల దగ్గర లెవీ బియ్యం తీసుకునేటప్పుడు ఇంతవరకు నూక ఉన్నా ఒప్పుకుంటాం అని ఒక హద్దు పెడుతుంది. హద్దు దాటితే లారీ తిప్పి పంపేస్తారు. కానీ హద్దుకి తక్కువ కలిపి పంపినవాణ్ణి వాళ్ళ నాన్నగారు చవట అనేవారట. సరిగ్గా హద్దు దాకా నూక కలిపి, ఒక్క గింజ దాటకుండా లోడు పంపగలిగినవాడే మిల్లరట. తన చిన్నప్పుడు చేత్తో బియ్యం తీసి చూసి, నూక ఎంతుందో చెప్పడం నేర్పారట. ఆ సంగతి చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ఇప్పుడు మన పాలలో ఆ హద్దెంతో నేను చెబితే అంతవరకు అడుగుమడ్డి కలుపుకోవచ్చు, అంత సరుకూ మళ్ళీ నూరే బాధ తప్పుతుంది.

ఇందులో హద్దు లేదండీ, అసలు కలవకూడదు అన్నాను. నారుమడి ఉదాహరణ చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, నారుమడిలో మాత్రం తాలు గింజలు పడవా అమ్మా, పంట పండట్లేదా అన్నారు. లేచి వెళుతూ, నెమ్మదిగా చూసి చెప్పు, తొందరేం లేదు అన్నారు.

తొందర లేకుండానే ఆ ప్రశ్న నెలకోసారి వచ్చేది. ఒక్కోసారి కాఫీ గ్లాసుతో పాటు వచ్చేది. "చూశావా ఆ నూక సంగతి" అని. ప్రతిసారీ లేదండీ అనేదాన్ని. ఆఖరికి నాకు అదొక హాస్యం అయిపోయింది. ఇంట్లో అమ్మ పాలలో నీళ్ళు కలుపుతుంటే ఎంత నూక కలుస్తుందమ్మా అని వేళాకోళం చేసేదాన్ని. ఆ వేళాకోళం తలుచుకుంటే ఇప్పుడు నాకే చిరాకు.

మా పాలు కొన్నవాళ్ళలో అమలాపురంలో బీరువాలు చేసే ఆయన ఒకరు. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు, నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. కోనసీమలో సముద్రం గాలికి ఇనుము ఏదీ నిలవదు. అక్కడివాళ్ళు బీరువా కొంటే ముందు అడిగేది తుప్పు సంగతే. అప్పటికాయన కడిగిన రేకుకి నేరుగా రంగు కొట్టేసేవారు. నేను చెప్పి చెప్పి, రేకులు తీసుకెళ్ళి చూపించి, ఆయన చేత షాపు వెనక కడగడానికీ ముంచడానికీ కలిపి ఏడు తొట్లు కట్టించాను. మొదటి బీరువా తలుపు బూడిదరంగులో నున్నగా తయారై బయటికి వచ్చినప్పుడు ఆయన అరచేత్తో రాసి చూసుకుని, ఇదేంటమ్మా పట్టుబట్టలాగుంది అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు నాకు కాళ్ళు నేల మీద లేవు.

ఒక ఆదివారం నేను ఆ షాపులో ఉండగానే ఒకావిడ వచ్చింది. సముద్రపొడ్డు ఊరు. చేపలు అమ్ముకుని బతికే మనిషి. బీరువాలన్నీ వేళ్ళతో కొట్టి చూసింది, తలుపులు తెరిచి లోపల వాసన చూసింది, కింది అరలోకి వంగి చెయ్యి పెట్టి తడిమింది. అలా బీరువా కొనేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఇంట్లో ట్రంకు పెట్టె ఒకటి ఉండేదట. పెద్ద తుఫానులో ఉప్పునీళ్ళు ఇంట్లోకొచ్చి, పెట్టె తుప్పెక్కి, లోపలున్న బట్టలన్నిటికీ ఎర్రటి చారలు పడ్డాయట. ఎంత ఉతికినా పోలేదట. పుట్టింటివాళ్ళు పెట్టిన పట్టుచీర ఒక్కటి మాత్రం ఆ రోజు వేరే ఊళ్ళో చెల్లెలి దగ్గర ఉండి బతికిపోయింది. ఆ చీర దాచుకోవడానికి ఆవిడకి బీరువా కావాలి. ఏళ్ళ తరబడి కూడబెట్టుకుని వచ్చింది.

"మా గాలికి తట్టుకుంటదా అండీ?" అని బాబాయ్ గారిని అడిగింది.

ఆయన నా వైపు చెయ్యి చూపించి, ఆ మందు చేసేది ఈ అమ్మాయే, ఈవిణ్ణడగండి అన్నారు. ఆవిడ నా వైపు తిరిగింది.

"తట్టుకుంటుందండి. నాదీ పూచీ," అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసి, సరేనమ్మా అని తలూపింది. ఆకుపచ్చరంగు బీరువా ఎంచుకుంది. ఆటో మీద తాళ్ళతో కట్టించి, తనూ ఎక్కి, దాని మీద చెయ్యేసి పట్టుకుని వెళ్ళింది.

మరుసటి వానాకాలం నడుమ బాబాయ్ గారు షెడ్డుకి ఫోన్ చేశారు. గొంతు మారిపోయి ఉంది. బీరువాలు తిరిగొస్తున్నాయన్నారు. రంగు బొబ్బలు లేస్తోందట. ఆ చేపలావిడ కూడా వచ్చి వెళ్ళిందన్నారు. ఆమె అరవలేదట. ఆ అమ్మాయిని ఒకసారి రమ్మనండి, చూసి చెబుతుంది అందట. ఆ మాట వినగానే నా పైప్రాణాలు పైనే పోయాయి.

నేనూ బాబాయ్ గారూ కలిసి వెళ్ళాం. ఆవిడ ఇల్లు ఇసకలో ఉంది. బీరువాని మంచం పక్కన ఇటుకల మీద ఎత్తి పెట్టుకుంది, పైన ప్లాస్టిక్ పూలు పెట్టింది. కింది సగమంతా చిన్న చిన్న బొబ్బలు. గోటితో గీకితే రంగు పెచ్చులుగా లేచి వచ్చింది. లోపల బూడిదరంగు పూత ఉండాల్సిన చోట గరుకుగా తగిలింది, మధ్యమధ్య ఎర్రగా తుప్పు. నా చేతికి తగిలిన ఆ గరుకు ఏంటో నాకు అక్షరాలా తెలుసు. మొద్దు స్ఫటికాలు. మొద్దు నలుసులు పడితే తప్ప అలా మొలవవు. కానీ నేను పరీక్షించిన పాలలో మొద్దు నలుసు ఒక్కటి కూడా లేదు, నా కళ్ళతో చూశాను.

ఆవిడ కింది అర లాగి చీర తీసి చూపించింది. మడత మీద వేలెడు పొడవున ఎర్రటి చార.

"మీరు పూచీ అన్నారు గదమ్మా," అంది.

నిలదీస్తున్నట్టు అనలేదు. మరి ఇప్పుడేం చేద్దాం అన్నట్టు అంది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. నాకు గుడ్లనిండా నీళ్ళొచ్చాయి. బాబాయ్ గారు తల దించుకుని, కొత్త బీరువా చేసి పంపిస్తానండీ, మీరేం ఇవ్వొద్దు అన్నారు.

తిరిగొచ్చి షాపు వెనకున్న మా డబ్బాలన్నీ చూశాను. మూత తీసి పైన చూస్తే తెల్లటి పాలు, చక్కగా ఉన్నాయి. కర్ర పెట్టి అడుగు కెలికితే చేతికి బరువు తగిలింది. అడుగంతా మడ్డి. నా బల్ల మీద పరీక్షకొచ్చిన పాలలో లేని మడ్డి డబ్బాలోకి ఎలా వచ్చింది? నేను మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని నూతిగట్టు దగ్గర అన్నం తినే టైములోనే డబ్బాలు నింపుతారు. ఈ నా బుర్రకి ఆ సంగతి అప్పుడు వెలిగింది.

మర్నాడు బాబాయ్ గారిని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. ఓనరు గారు ఆఫీసు గదిలో ఉన్నారు. కుర్చీలు వేయించారు, టీ చెప్పారు. నేను కూర్చోలేదు. డబ్బా అడుగు నుంచి తీసుకొచ్చిన మడ్డి సీసా ఆయన బల్ల మీద పెట్టాను. ఇది ఎవరు కలిపారండీ అని అడిగాను. ఆయన అబద్ధం చెబుతారని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అబద్ధం చెబితే ఎలా కడిగెయ్యాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నేనే కలిపించానమ్మా. ఇసక కలిపానా, సుద్ద కలిపానా? అదీ మన డ్రమ్ములో ఆడిందే కదా," అన్నారు.

ఆయన మొహంలో ఇసుమంత సిగ్గు లేదు. పైగా కాస్త నొచ్చుకున్నారు. వేరే సరుకు కలిపితే కల్తీ, సొంత సరుకు సొంత సరుకులో కలిపితే కల్తీ ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. హద్దు చెప్పమని నిన్ను ఎన్నిసార్లు అడిగానో గుర్తుందా, నువ్వు చెప్పకపోతే నా అంచనా మీద నేను వేసుకున్నాను, చిన్నప్పటి నుంచీ నూక కలిపిన చెయ్యి నాది, నాకు తెలియదా అన్నారు. తప్పు నాదే అయినట్టు మాట్లాడుతున్నారు. నాకు ఒళ్ళు తెలియలేదు. బియ్యంలో నూక కలిస్తే అన్నం కాస్త మెత్తబడుతుందండీ, ఇందులో కలిస్తే ఒకావిడకి పుట్టింటివాళ్ళు పెట్టిన చీర పాడవుతుంది అన్నాను. నా బల్ల దగ్గరికి రండి, మైక్రోస్కోపులో చూపిస్తాను, మీ కళ్ళతో చూడండి అన్నాను. ఆయన రాలేదు. ఆడపిల్లకి ఇంత నోరు పనికిరాదమ్మా అని మాత్రం అన్నారు.

అప్పటిదాకా నా ధైర్యం ఒక్కటే. పక్కన బాబాయ్ గారు ఉన్నారు. నష్టపోయింది ఆయన. షాపు పేరు పోయింది ఆయనది. నేను ఎంత అరిచినా పిల్ల మాట అనుకుంటారు గానీ, కొనేవాడు నూక వద్దు అంటే ఓనరు గారు నోరెత్తలేరు. ఓనరు గారు కూడా అది గ్రహించారు. నన్ను వదిలేసి బాబాయ్ గారి వైపు కుర్చీ తిప్పుకున్నారు.

"మీరు చెప్పండి. ఎంత తగ్గించమంటారు?"

బాబాయ్ గారు టీ గ్లాసు కింద పెట్టారు. నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను.

"మొత్తం మానెయ్యమనట్లేదండీ. సగానికి సగం తగ్గించండి. రేటు కూడా కాస్త చూడండి మరి," అన్నారు.

ఆయనా ధాన్యం ఇంట్లో పుట్టినవాడే. ఆయన చెవిన నూక అనే మాట పడగానే, అదొక హద్దు గల వస్తువు, దాని మీద బేరమాడుకోవాలి అని తోచిందే తప్ప, ఉండకూడనిది అని తోచలేదు. ముందు రోజు ఆ ఇసక ఇంట్లో తలొంచుకుని నిలబడిన మనిషే ఈయన. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఇద్దరూ తేలికపడిపోయారు. బేరం కుదిరిపోతోంది. బల్ల మీద మడ్డి సీసా అలాగే ఉంది, దాన్ని ఇద్దరూ చూడట్లేదు.

"బాబాయ్ గారూ, ఆవిడకి నేను పూచీ పడ్డాను. సగం పూచీ పడలేదు," అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. లోకంలో నూక లేని సరుకు ఎక్కడుందమ్మా అన్నారు. ఓనరు గారు అవునన్నట్టు తలూపారు. నేను సీసా తీసుకుని బయటికొచ్చాను. కళ్ళం మీదుగా నడుస్తుంటే లోపల ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం వినిపిస్తోంది. ఆ సాయంత్రమే మానేశాను. నాకు ముక్కు మీద కోపమని, దొరికిన ఉద్యోగాన్ని కాలదన్నుకున్నానని అమ్మ ఊరంతా చెప్పుకుంది. బాబాయ్ గారు తర్వాత నాన్నతో, అమ్మాయి మంచిదే గానీ వ్యాపారం తెలియదండీ అన్నారట. నిజమే, తెలియదు. ఆ వ్యాపారం నాకు తెలియనందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

తర్వాత ఒక స్కూల్లో సైన్సు చెప్పడానికి చేరాను. పెళ్ళయింది, అమలాపురం కాపురానికొచ్చాను. ఆ చేపలావిడకి కొత్త బీరువా పంపారని తెలుసు. ఏ పాలతో చేశారో కూడా తెలుసు. అందుకే సముద్రం వైపు బస్సు ఎక్కాల్సి వస్తే ఏదో పని పెట్టుకుని మానేసేదాన్ని.

ఒక రోజు మార్కెట్లో చేపల వరస దాటుతుంటే, అమ్మా అమ్మా అని ఎవరో పిలిచారు. చూస్తే ఆవిడే. బుట్ట ముందు కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టినందుకు ఎంత సంతోషపడిందో. ఇటు రండమ్మా, మీరు పూచీ పడ్డ బీరువా సంగతి చెప్పాలి అంది. పారిపోదామనుకుంటూనే బుట్ట దగ్గరికి వెళ్ళాను.

"ఈ రెండోది బాగుందమ్మా. ముందు దానికన్నా సానా నయం. అడుగునే కొంచెం తినేసింది, అంతే," అంది.

చీర పై అరలోకి మార్చేసిందట. అడుగు అరలో ఏమీ పెట్టదట. పెట్టకపోతే ఏం పోయింది, పైన బోలెడు చోటుంది గదా అని నన్నే సముదాయించింది. ఆవిడ నోటి నుంచి ఫిర్యాదు ఒక్క ముక్క రాలేదు. సగానికి సగం తగ్గించిన నూక ఆవిడ ఇంట్లో అడుగు అర అయి కూర్చుంది, ఆవిడ దాన్ని ఖాళీ చేసి ఇచ్చేసింది, పైగా నాకు కృతజ్ఞత చెబుతోంది. నాకు ఆ ఇద్దరు మగాళ్ళనీ అక్కడికి ఈడ్చుకొచ్చి ఆ బుట్ట ముందు నిలబెట్టాలనిపించింది. చందువా చేపలు ఇవ్వండి అన్నాను.

ఆవిడ తక్కెట్లో చేపలు వేసింది. వేస్తూ వేస్తూ ఒకదాన్ని వేళ్ళతో నొక్కి చూసి, ఆగింది. నాకైతే తేడా ఏమీ కనబడలేదు. అన్నీ తెల్లగా మెరుస్తూనే ఉన్నాయి. ఇది కొంచెం మెత్తబడిందమ్మా, మీకొద్దు అని, తీసి వెనక్కి పిల్లులకి విసిరేసింది. బుట్ట అడుగంతా వెతికి, గట్టిగా ఉన్నది ఒకటి తీసి దాని బదులు వేసింది.

సంచీ పట్టుకుని ఇంటికి నడిచాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను, కోపంతో.